ఏడో అంతస్తు దాకా నలభై సెకన్లు

ఆ పాత భవనానికి పది అంతస్తులు, ఒకటే లిఫ్టు. బొత్తాం నొక్కితే దానంతటది పోయే రకం కాదు. గోడకు ఇత్తడి పిడి ఒకటి ఉంటుంది. కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి, నడిమికి తెస్తే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో పిడికి తెలియదు, పట్టుకున్న చేతికి తెలియాలి. వేలెడు తేడా వచ్చినా దిగేవాళ్ళు బోర్లా పడతారు. పదకొండేళ్ళుగా ఆ పిడి పట్టుకున్నావిడ చేతుల మీదుగా ఒక్కరూ తూలింది లేదు. ఆమె పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. భవనమంతటికీ ఆమె లిఫ్టమ్మ.

ఎక్కినవాళ్ళతో లిఫ్టమ్మ తనంతట తాను మాట్లాడకూడదని మేనేజరు నియమం. "ఎన్నో అంతస్తు?" అనడం వరకే ఆమె హక్కు. కానీ చెవులకు ఎవరూ నియమం పెట్టలేదు. లోపలికి అడుగు పెట్టగానే జనం ఆమెను కూడా పిడితో పాటు గోడకు బిగించిన వస్తువనుకుని ఏదైనా మాట్లాడేసుకుంటారు. నాలుగో అంతస్తు లాయరుగారు ఏ కేసు ఓడిపోబోతున్నాడో, తొమ్మిదో అంతస్తు పళ్ళ డాక్టరు పెళ్ళిరోజు ఎన్నిసార్లు మరిచిపోయాడో ఆమెకు తెలుసు. మనుషుల బతుకులు ఆమెకు అరనిమిషం, ముప్పావు నిమిషం తునకలుగా అందేవి. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు వాటిని మనసులోనే అతికించుకునేది. చాలావరకు సరిగ్గానే అతికేవి.

ఆమెకు ఒక్కతే కూతురు. పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం. చిన్నప్పుడు ఎవరో పారేసిన కొలత టేపు ఒకటి దొరికితే, అప్పటినుంచి కంటికి కనపడినదల్లా కొలిచి గోడ మీద రాసేది. గడప ఎత్తు, మంచం పొడుగు, తండ్రి పొట్ట. పొట్ట కొలత మాత్రం ఆయన గుట్టుగా చెరిపేసేవాడు. కూతుర్ని "మేస్త్రీ" అని పిలవడం ఆయనే మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లో ఆ పిల్ల అసలు పేరు ఎవరి నోటా రాదు.

ఒక సాయంత్రం మేస్త్రీ ఒక ఫారం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. రోడ్డు దాటడానికి కట్టే నడక వంతెనకు డిజైను గీసే పోటీ అది. నెగ్గిన పదిమందికి మంచి ఆఫీసుల్లో ఏడాది పాటు జీతమిచ్చి పని నేర్పుతారు. ఆ ఏడాది దొరికితే వంతెనలు గీసే బతుకు. దొరక్కపోతే ఏ సిమెంటు కొట్టులోనో కౌంటరు వెనక నిలబడే బతుకు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఫారంలో అన్ని గళ్ళూ ముత్యాల్లాంటి అక్షరాలతో నిండాయి, ఒక్కటి తప్ప. అక్కడ మార్గదర్శి సంతకం కావాలి. పదేళ్ళ అనుభవమున్న ఇంజనీరై ఉండాలి. వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు పిల్లతో కూర్చోవాలి. కాలేజీ లెక్చరర్లు పనికిరారు. ఒక ఇంజనీరు ఒక్కరికే సంతకం పెట్టాలి. గడువు ఎనిమిది రోజులు.

తండ్రి సరుకుల వ్యాను నడుపుతాడు. తనకు తెలిసినవాళ్ళందర్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చివరికి నిట్టూర్చాడు. "నాకు తెలిసినవాళ్ళలో పెద్దవాడు కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసు. ఆయన కూడా నన్ను పేరుతో పిలవడు, బండి నంబరుతో పిలుస్తాడు."

ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వు సద్దుమణిగాక మేస్త్రీ అంది, "మా క్లాసులో ఒకబ్బాయికి ముగ్గురున్నారమ్మా. వాళ్ళ బాబాయి ఒకరు, నాన్నకి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఎవర్ని పెట్టుకోవాలో తేలక వాడికి నిద్ర పట్టట్లేదట."

ఆ చెప్పడంలో కుళ్ళు లేదు, ఏడుపు లేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. ఆ మామూలుతనమే లిఫ్టమ్మ గుండెలో ముల్లులా కలుక్కుమంది.

"మా ఏడో అంతస్తులో ఇంజనీర్లు పదహారుమంది ఉన్నారు. నేనడుగుతాను," అంది.

"నువ్వు మాట్లాడకూడదు కదమ్మా."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి అమ్మకి కావాలంటే అమ్మ కూడా అడగాల్సిందేగా."

ఆ రాత్రి వంట చేస్తూనే పదహారుమందినీ ఒక్కొక్కరిగా లిఫ్టు ఎక్కించి దించింది. నీలం గొడుగాయన ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడు. బూట్లు కిర్రుమనే ఆయన మంచివాడే, కానీ ఇంటావిడతో రోజుకో అబద్ధం చెబుతాడు. గొణుగుడు మేడమ్‌నైతే మొట్టమొదటే కొట్టేసింది. పొడుగ్గా, బిగుసుకుపోయినట్టు ఉండే ఆ ఇంజనీరమ్మ ఎక్కగానే గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, దిగేదాకా ఏదో గొణుక్కుంటుంది. పదకొండేళ్ళలో ఒక్క నమస్కారానికి కూడా బదులివ్వలేదు.

వడపోయగా మిగిలింది ఒక్కరే, పెద్దాయన. తల నెరిసిన మనిషి, భుజాన ఎప్పుడూ పొడుగాటి నల్ల గొట్టం, దాన్నిండా చుట్టిన డ్రాయింగులు. ఆయన ఎక్కితే కుర్ర ఇంజనీర్లు పక్కకు జరిగి చోటిస్తారు. "సార్, నాది ఇవాళైనా వదలండి," అని ఒకరు, "మీరు దయ చూపితేగానీ మా పని కదలదు సార్," అని ఇంకొకరు. ఆయన అందరికీ ఒకటే మాట చెబుతాడు: చూద్దాం. అంతమంది ఇంజనీర్లు చేతులు నలుపుకుంటూ బతిమాలుతున్నారంటే ఆయన అందరికీ పైవాడు కాక ఇంకేమవుతాడు? తునకలన్నీ చక్కగా అతికాయి.

కింది నుంచి ఏడో అంతస్తుకు, మధ్యలో ఎక్కడా ఆగకపోతే, సరిగ్గా నలభై సెకన్లు. అడగాల్సిందంతా అందులో ఇమడాలి. మేస్త్రీ గడియారం పట్టుకుని కూర్చుంది. మొదటిసారి లిఫ్టమ్మ చెప్పడం పూర్తయ్యేసరికి రెండు నిమిషాల పది సెకన్లయింది. "లిఫ్టు పైకప్పు పగలగొట్టుకుని మబ్బుల్లోకి పోయిందే," అన్నాడు భర్త. కత్తిరించడం మొదలుపెట్టారు. పిల్ల చిన్నప్పటి తెలివితేటలు పోయాయి. పడ్డ కష్టాలు పోయాయి. తన ప్రస్తావన కూడా తీసేశారని భర్త కాసేపు అలిగాడు. రెండో రోజుకు ముప్పై ఆరు సెకన్లకు వచ్చింది. మిగిలిన నాలుగూ ఊపిరి పీల్చుకోవడానికని వదిలేశారు.

మూడో రోజు పెద్దాయనతో పాటు ఇంకో నలుగురు ఎక్కారు. నాలుగో రోజు ఉదయం ఒక్కడే వచ్చాడు. తలుపు మూసి, పిడి కుడికి తిప్పి, లిఫ్టమ్మ గొంతు సవరించుకుంది.

"సార్, నియమం తప్పి మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. మా అమ్మాయి పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. ఒక వంతెన గీసింది. అది చూసి ఇక్కడ తప్పు, ఇక్కడ ఒప్పు అని చెప్పే పెద్దవాళ్ళు మాకెవరూ లేరు..."

ఇంట్లో గడియారం ముందు చెప్పినప్పుడు మాటలు మాటలుగానే ఉన్నాయి. ఇక్కడ మనిషి ముందు చెబుతుంటే ప్రతి మాటకూ వెనక కూతురి ముఖం కనపడి, కత్తిరించిన మాటలన్నీ మళ్ళీ వచ్చి చేరాయి. ముప్పై ఆరు దాటింది, నలభై దాటింది. ఆయన కడ్డీల తలుపు అవతల జారిపోతున్న అంతస్తులను చూస్తున్నాడు.

"ఏడు దాటిపోయిందమ్మా," అన్నాడు చివరికి నెమ్మదిగా.

ఎనిమిది కూడా దాటింది. తొమ్మిదో అంతస్తులో పళ్ళ డాక్టరు చేయెత్తి, ఎత్తిన చేత్తోనే కిందికి మాయమయ్యాడు. లిఫ్టు పదో అంతస్తులో ఆగింది, ఆపైన పోవడానికి ఇంకేమీ లేదు కాబట్టి. పదకొండేళ్ళలో లిఫ్టమ్మకు జరిగిన మొదటి పొరపాటు అది.

పెద్దాయన గొట్టం నేల మీద ఆనించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. తాను ఇంజనీరును కాదని, ఏడో అంతస్తులో పెద్ద మిషను మీద డ్రాయింగులకు ప్రింట్లు తీసేవాణ్ణని చెప్పాడు. ఆఫీసంతటికీ మిషను ఒకటే. ఎవరిది ముందు తీస్తే వాళ్ళ పని ముందు కదులుతుంది. ఆ బతిమాలడమంతా అందుకే.

లిఫ్టమ్మ ముఖం కందగడ్డయింది. అతికించిన తునకలన్నీ ఒక్కసారిగా చేతిలోంచి రాలిపోయినట్టనిపించింది. ఆమె అవస్థ ఆయన చూశాడు.

"చూడమ్మా, ఇరవయ్యారేళ్ళలో నన్ను ఇంజనీరనుకున్నది నువ్వొక్కదానివే. ఈ సంగతి మా ఆవిడకి చెప్పి ఇవాళ ఒక పూటంతా పెత్తనం చేస్తాను. రేపు మధ్యాహ్నం పిల్లని డ్రాయింగు పట్టుకుని రమ్మను. ఇంకో మాట, సార్ అనకు. అన్నయ్యా అను, చాలు."

మర్నాడు భోజనాల వేళ తల్లీ కూతుళ్ళు ప్రింట్ల గదికి వెళ్ళారు. కిటికీ లేని గది, మిషను వేడి, సిరా వాసన, గోడల వారగా నిలబెట్టిన కాగితపు చుట్టలు. మేస్త్రీ డ్రాయింగు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు డబ్బా మూతలు పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ముక్కు కాగితానికి తగిలేంతగా వంగి, ఈ కొస నుంచి ఆ కొసకు చీమలా పాకాడు. చాలాసేపటికి తల ఎత్తి, గీత మంచిదన్నాడు. వేల డ్రాయింగులు చూసిన కన్ను తనదని, కానీ లెక్కలు తనకు రావని, అవి తెలిసినవాళ్ళు వేరే కావాలని అన్నాడు.

"సంతకం పెట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు పిల్లా. నేర్పేవాళ్ళు ఇక్కడ ఒక్కరే. చెప్పనా ఎలా తెలుసో? దిద్దిన డ్రాయింగులు రెండోసారి ప్రింటుకి నా దగ్గరికే వస్తాయి. ఎందుకు దిద్దారో కింద రాయాలి. అందరూ 'గీసినవాళ్ళ పొరపాటు' అని రాస్తారు. ఒక్కావిడ మాత్రం 'నా పొరపాటు' అని రాస్తుంది."

ఆవిడెవరో విన్నాక లిఫ్టమ్మ గుండెల్లో రాయి పడింది. గొణుగుడు మేడమ్. ఆవిడ గోడతో తప్ప మనుషులతో మాట్లాడగా తానెప్పుడూ చూడలేదని గోల పెట్టింది.

ప్రింట్లాయన ఒక ఉపాయం చెప్పాడు. ఇంజనీరమ్మ డ్రాయింగుల కట్ట సాయంత్రం ఆవిడ బల్ల మీదికి వెళ్తుంది. అందులో ఆఖరి కాగితంగా మేస్త్రీ వంతెనను పెడదాం. చేతికొచ్చిన ఏ కాగితాన్నైనా ఎర్ర పెన్సిలుతో దిద్దకుండా కింద పెట్టలేకపోవడం ఆవిడ జబ్బు. చూస్తే మనసు పడుతుందేమో, పడకపోతే కాగితం తిరిగొస్తుంది, పోయేదేముంది? లిఫ్టమ్మకు ఇది దొంగచాటు పనిలా అనిపించి తటపటాయించింది. మేస్త్రీయే తెంపింది. పేరు లేకుండా పెడితే మోసమవుతుందని, డ్రాయింగు మూల తన పేరు, క్లాసు రాసి, కింద ఒక వాక్యం చేర్చింది: "మీకు వీలుంటే చూసి తప్పులు చెప్పగలరు."

ఆరో రోజు ఉదయం ఇంజనీరమ్మ లిఫ్టెక్కింది. చంకలో ఒక కాగితం చుట్ట, దాని అంచున ఎర్ర గీతలు. ఇంజనీరమ్మ మామూలుగానే గోడ వైపు తిరిగింది, కళ్ళు మూసింది, గొణిగింది. ఏడో అంతస్తు వచ్చింది. ఆవిడ దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఈ వంతెన గీసినమ్మాయి ఎవరో మీకు తెలుసట. ప్రింట్ల గదిలో చెప్పారు."

"మా అమ్మాయేనండి."

"రోజూ రెండుసార్లు ఎక్కుతాను. నన్నే అడగొచ్చుగా?"

"మీరేదో లెక్క వేసుకుంటూ ఉంటారు కదండీ. మధ్యలో చెడగొట్టడం ఎందుకని..."

ఇంజనీరమ్మ ముఖం ఎర్రబడింది. వరండాలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "లెక్క కాదండీ, భయం. తలుపు మూస్తే నాకు ఊపిరాడదు. అందుకని ఒకటి రెండు లెక్కపెట్టుకుంటాను. మధ్యలో ఎవరైనా ఎక్కితే ఆగి, మళ్ళీ కదిలాక అక్కణ్ణుంచే మొదలుపెడతాను. నలభై అనేసరికి మీరు ఏడు దగ్గర ఆపుతారు. ఇన్నేళ్ళలో నలభై ఒకటి ఎప్పుడూ అనలేదు. మీ చేయి కాబట్టి ఎక్కుతున్నాను, ఇంకొకరైతే నాకు మెట్లే గతి."

మొన్న పదో అంతస్తుకు పోయిన లిఫ్టులో ఈవిడ లేనందుకు లిఫ్టమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. పదకొండేళ్ళు ఎవరూ తనను చూడలేదనుకుంది. ఒకావిడ కళ్ళు మూసుకుని మరీ తనను నమ్ముకుని ఉందని ఇవాళ తెలిసింది.

పిల్ల గీత బాగుందని, వంతెన నడుమ వాన నీళ్ళు నిలిచే వంపు ఉందని, అలాంటివి పద్నాలుగు తప్పులున్నాయని, పద్నాలుగూ సరదాగా నేర్పదగ్గవేనని ఇంజనీరమ్మ చెప్పింది. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ పోటీ సంతకం ఒకరికి ఇస్తానని మాటిచ్చేసింది. ఆఫీసుకు పెద్ద కట్టడాలు అప్పగించే ఆసామి తన కొడుకు కోసం ఫోన్లో అడిగాడు, సరే అంది, ఫోను పెట్టేసి మరిచిపోయింది. కుర్రవాణ్ణి ఇంకా చూడను కూడా లేదు. ఇప్పుడు తనంతట తాను కాదంటే ఆఫీసుకు చెడ్డపేరు.

"నాకు నేర్పినాయన మా నాన్న స్నేహితుడు," అంది ఇంజనీరమ్మ. "ఆదివారం మా ఇంటికొచ్చేవారు. నేను బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలడిగేదాన్ని. నేర్పమని ఎవర్నీ అడగలేదు. అడగాల్సి వస్తుందని కూడా నాకు తెలీదు."

కింద నుంచి లిఫ్టును పిలిచే గంట మోగింది. లిఫ్టమ్మ పిడి తిప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ కథంతా చెబుతుంటే, కుర్రవాడి తండ్రి ఫలానా అనగానే మేస్త్రీ లేచి నిలబడింది. ముగ్గురున్నబ్బాయి వాడే. "ఊళ్ళో ఇంజనీర్లందరూ వాడి జేబులోనే ఉన్నారేంటే," అని తండ్రి నోరు తెరిచాడు. మేస్త్రీ క్లాసులో ఎవరినీ పెన్సిలు ముక్క కూడా అడగని పిల్ల. చివరికి, అమ్మ నియమం తప్పి అడిగింది కదా, నేనూ వాణ్ణి అడుగుతాను అంది.

ఏడో రోజు మధ్యాహ్నం గడిచింది, కబురు లేదు. లిఫ్టమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు గంటలకు లిఫ్టు కింద ఆగేసరికి ఆరుగురు ఎక్కారు. వాళ్ళ వెనకే పరుగెత్తుకుంటూ మేస్త్రీ ఎక్కింది. లిఫ్టమ్మ మాట్లాడకూడదు. కానీ ఎక్కినవాళ్ళు మాట్లాడొచ్చు.

"అడిగానమ్మా," అంది మేస్త్రీ, పిడి కదలకముందే. "వాడికి ఆవిడెవరో కూడా తెలీదట. ముగ్గురి జాబితాలో ఆ పేరు వాళ్ళ నాన్న రాశారట. నాకెవరూ లేరన్నాను. నీకెవరూ లేకపోవడమేంటి, అందరికీ ఎవరో ఒకరు ఉంటారుగా అన్నాడు. నిజంగానే తెలీదమ్మా వాడికి. మా ఇంట్లో అందరి స్నేహితుల్నీ లెక్కేస్తే పెద్దవాడు ట్రాఫిక్ పోలీసు అని చెప్పాను."

"తర్వాత?" అన్నాడు నాలుగో అంతస్తు లాయరుగారు. తన అంతస్తు ఎన్నో ఆయన ఇంకా చెప్పనేలేదు.

"అక్కడికక్కడే ఆ పేరు కొట్టేశాడండి. వాళ్ళ నాన్నకి కూడా ఫోన్ చేసి, నాకు ఆవిడ వద్దు అని చెప్పేశాడు. ఇక ఇద్దరిలోనే తేల్చుకోవాలి, సగం బతికించావు అన్నాడు."

లిఫ్టులో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

"ఇంకేమన్నాడు?" లాయరుగారు వదలలేదు.

"కథంతా విన్నాక, మీ ప్రింట్లాయన్ని నాకూ పరిచయం చేస్తావా అని అడిగాడు. మా మావయ్యని కనుక్కుని చెప్తానన్నాను."

ఆరుగురూ నవ్వారు. నాలుగో అంతస్తు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఏడు దగ్గర మాత్రం లిఫ్టు గడపకు గడప ఆనించి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. మేస్త్రీ చేయి పట్టుకుని లిఫ్టమ్మ కూడా దిగింది. లిఫ్టు వదిలి వెళ్ళకూడదన్నది ఇంకో నియమం. నేను చూస్తుంటాను వెళ్ళిరండి అని లాయరుగారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

ప్రింట్ల గదిలో బల్ల మీద ఫారం పరిచారు. ప్రింట్లాయన పిలిస్తే వచ్చిన ఇంజనీరమ్మ, కుర్రవాడి కబురు విని సంతకం పెట్టి, కింద ఇంకో గడి చూసి ఆగింది. విద్యార్థి మీకెలా తెలుసు అని అడిగారక్కడ. మామూలుగా బంధువులనో, కుటుంబ స్నేహితులనో రాస్తారు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి రాసింది: "వాళ్ళ అమ్మగారు నాకు పదకొండేళ్ళుగా తెలుసు."

లిఫ్టమ్మ అది రెండుసార్లు చదువుకుంది. అప్పటికే ఇంజనీరమ్మ డ్రాయింగు తిప్పి, ఎర్ర పెన్సిలు మేస్త్రీ చేతికిచ్చి, ఇప్పుడు చెప్పు, ఈ నీళ్ళు ఎటు పోవాలి అంటోంది. మేస్త్రీ ఎడమకంది. కుడికైతేనే మేలని ప్రింట్లాయన అడ్డు తగిలాడు. మీరు ప్రింట్లు చూసుకోండి అని ఇంజనీరమ్మ కసిరింది. ఇరవయ్యారేళ్ళుగా మీ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూనే ఉన్నాను మేడమ్ అని ఆయన తగ్గలేదు.

కింద నుంచి గంట మూడోసారి మోగింది. లిఫ్టమ్మ కళ్ళు తుడుచుకుని పరుగున వచ్చింది. మిగిలినవాళ్ళు మెట్లదారిన వెళ్ళిపోయారు, లాయరుగారొక్కడే ఉన్నాడు.

"అయిందా?"

"అయిందండి."

"అయితే నన్ను నాలుగులో దించండి. ఆఫీసులో మనుషులు వచ్చి కూర్చుని ఉంటారు."

ఆమె తలుపు మూసి పిడి ఎడమకు తిప్పింది. లిఫ్టు దిగుతుంటే పైనుంచి మూడు గొంతులు పోట్లాడుకుంటూ ఆరో అంతస్తు దాటేదాకా వినపడ్డాయి. వాటిలో పెద్ద గొంతు మేస్త్రీదే.